నిజాం ఆస్తులు ఏమయ్యాయి? రాజభరణం నుంచి పన్నుల దాకా.. పూర్తి వివరాలు ఇవే!

హైదరాబాద్ శివార్లలో ప్లాట్ కొనేటప్పుడు "ఇది ఒకప్పటి నిజాం భూమి" అనే మాట చాలామందికి వినిపిస్తుంది. మరి సంస్థానం పోయాక రాజుగారి భూములు ఎవరికి వెళ్లాయి? నిజాం పన్ను కట్టారా? ఓసారి చూద్దాం.

రాజు దిగలేదు.. పదవి మారింది

1948 సెప్టెంబర్ 17న ఆపరేషన్ పోలో ముగిసింది. అయితే ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌ను కేంద్రం పక్కన పెట్టలేదు. 1950 జనవరి 26 నుంచి ఆయన హైదరాబాద్ రాష్ట్రానికి రాజ్‌ప్రముఖ్. అంటే ఇప్పటి గవర్నర్ లాంటి హోదా. 1956లో రాష్ట్రాల పునర్విభజనతో ఆ పదవి కూడా పోయింది.

సర్ఫ్-ఎ-ఖాస్ అంటే?

సంస్థానంలో మూడు రకాల భూములుండేవి. ప్రభుత్వానికి శిస్తు వచ్చేది దివానీ. జాగీర్దార్ల చేతిలో ఉన్నవి జాగీర్లు. నేరుగా నిజాం ఖర్చులకు ఆదాయం ఇచ్చేది సర్ఫ్-ఎ-ఖాస్. ఇది సంస్థానం విస్తీర్ణంలో దాదాపు పదో వంతు. హైదరాబాద్ నగరం చుట్టూ ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా ఇందులోదే. ఇప్పుడు గజం రేటు వింటేనే గుండె గుభేల్‌మనే ప్రాంతాలు కొన్ని అక్కడివే!

1949 ఫిబ్రవరిలో ఫర్మానా ద్వారా సర్ఫ్-ఎ-ఖాస్‌ను దివానీలో కలిపేశారు. అంటే అవి సర్కారు భూములయ్యాయి. అదే ఏడాది ఆగస్టులో జాగీర్లు కూడా రద్దయ్యాయి.

బదులుగా నిజాంకు ఏమిచ్చారు?

* రాజభరణం: ఏడాదికి 50 లక్షల హాలీ సిక్కా రూపాయలు. భారత కరెన్సీలో రూ.42,85,714.
* సర్ఫ్-ఎ-ఖాస్ ఆదాయం పోయినందుకు ఏటా మరో 25 లక్షలు, ప్యాలెస్‌ల నిర్వహణకు ఇంకో 25 లక్షలు.
* కింగ్ కోఠి, ఫలక్‌నుమా లాంటివి ప్రైవేట్ ఆస్తులుగా నిజాం దగ్గరే ఉండిపోయాయి.

1967లో ఉస్మాన్ అలీ ఖాన్ కన్నుమూశారు. వారసుడైన మనవడు ముకర్రమ్ జాకు రాజభరణం రూ.20 లక్షలకు తగ్గింది.

పన్ను సంగతేంటి?

రాజ్యాంగంలోని ఆర్టికల్ 291 ప్రకారం రాజభరణంపై ఆదాయపు పన్ను లేదు. మిగతా ఆదాయానికి మాత్రం ఆ రక్షణ లేదు. 1950 ఏప్రిల్ 1 నుంచి భారత ఆదాయపు పన్ను చట్టం హైదరాబాద్‌కూ వచ్చింది. తర్వాత 1953లో ఎస్టేట్ డ్యూటీ, 1957లో సంపద పన్ను వచ్చి పడ్డాయి. నిజాం మాత్రం ముందే ఆస్తుల్లో చాలావాటిని కుటుంబం పేరిట డజన్ల కొద్దీ ట్రస్టుల్లో పెట్టేశారు. ఈ ట్రస్టుల సంపద పన్ను వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1977లో తీర్పు వచ్చింది.

రాజభరణం ఎలా పోయింది?

1970లో ఇందిరా గాంధీ ప్రభుత్వం తెచ్చిన సవరణ బిల్లు లోక్‌సభలో నెగ్గింది. రాజ్యసభలో ఒక్క ఓటు కంటే తక్కువ తేడాతో వీగిపోయింది. ఆ వెంటనే రాష్ట్రపతి ఉత్తర్వుతో రాజుల గుర్తింపు రద్దు చేశారు. డిసెంబర్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 1971 ఎన్నికల్లో భారీ మెజార్టీతో గెలిచిన ఇందిర, 26వ సవరణతో పని పూర్తి చేశారు. అలా 1971 డిసెంబర్ 28న 'నిజాం' బిరుదుకు చట్టపరమైన గుర్తింపు పోయింది.

అయినా మాజీ రాజులు తాము ఉంటున్న ఒక ప్యాలెస్‌కు ఆదాయపు పన్ను మినహాయింపు కొనసాగింది. కోటా మహారావ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. ప్యాలెస్‌లో కొంత భాగం అద్దెకిచ్చినా మినహాయింపు మొత్తానికీ వర్తిస్తుందని స్పష్టం చేసింది.

నగలు, లండన్ డబ్బు

జాకబ్ వజ్రం సహా 173 నగలను 1995లో కేంద్రం దాదాపు రూ.218 కోట్లకు ట్రస్టుల నుంచి కొనేసింది. 1948లో లండన్‌లోని పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాకు వెళ్లిన సుమారు 10 లక్షల పౌండ్లపై కేసు 70 ఏళ్లు నడిచింది. వడ్డీతో కలిపి సుమారు 3.5 కోట్ల పౌండ్లయిన ఆ సొమ్ము భారత్‌కు, నిజాం వారసులకే చెందుతుందని 2019 అక్టోబర్‌లో లండన్ హైకోర్టు తేల్చింది.

మీరు ఇది గుర్తుపెట్టుకోండి

నిజాం కుటుంబం ప్రైవేట్ ఆస్తి వేరు, సర్ఫ్-ఎ-ఖాస్ వేరు. "నిజాం వారసుల దగ్గర జీపీఏ ఉంది" అని ఎవరైనా భూమి చూపిస్తే తొందరపడొద్దు. ఈసీ ఒక్కటే చూసి అడ్వాన్స్ ఇవ్వొద్దు. సేత్వార్‌తో పాటు 1954-55 ఖాస్రా పహాణీ తీయించండి. అందులో సర్ఫ్-ఎ-ఖాస్ అనో, సర్కారీ అనో ఉంటే ముందు లాయర్‌ను కలవండి. 22ఎ నిషేధిత జాబితా కూడా చెక్ చేసుకోండి. రాజ్యం పోయి ఏడు దశాబ్దాలు దాటినా, ఆ పాత రికార్డులో ఉన్న ఒక్క మాట మీ జీవితకాలపు పొదుపును కోర్టులో ఇరికించగలదు.