కోత పండుగ వేలంపాట

మదనపల్లె అనగానే నేటి తెలుగువారికి మొదట స్ఫురించేది టమాటా మార్కెట్టు. 1919 లో రవీంద్రుడు ఇక్కడి దివ్యజ్ఞాన కళాశాలలో విడిది చేసి 'జనగణమన'ను ఆంగ్లంలోకి అనువదించిన సంగతి ఆ తరువాతనే గుర్తుకు వస్తుంది. ఈ మార్కెట్టులో 2023 జూలై చివర మేలురకం టమాటా కిలో రెండువందల రూపాయల దరిదాపులకు చేరింది. కొద్ది వారాలకే ధర కుప్పకూలింది. మండీ వేలంపాటలో ధరను నిర్ణయించేవి ఆనాటి సరకు రాబడి, దూరపు నగరాల గిరాకీ. పండించినవాడు ఎవరో పాట పాడేవానికి తెలియనక్కరలేదు.

ఇదే సీమకు పరిచయమైన మరొక వేలంపాట ఉన్నది. అది చర్చి ఆవరణలో, ఏడాదికొకసారి, కోత పండుగనాడు జరుగుతుంది. చరిత్ర గ్రంథాలలో దానికి చోటు తక్కువ. కాని ఒక చిన్న సమాజం తనను తాను ఎలా నిలబెట్టుకొన్నదో తెలుసుకోవడానికి అంతకంటె మంచి సాక్ష్యం నాకు కనిపించలేదు.

అమెరికాలోని రిఫార్మ్‌డ్ చర్చి తరఫున స్కడ్డర్ సోదరులు 1853 లో ఆర్కాటు మిషనును నెలకొల్పారు. పదేళ్ల తరువాత, 1863 లో, వైద్యుడు కూడా అయిన జేకబ్ ఛాంబర్లేన్ మదనపల్లెకు వచ్చి స్థిరపడ్డాడు. 1908 లో కన్నుమూసినదీ ఈ ఊరిలోనే. క్రమంగా జమీందారీ పట్టణమైన పుంగనూరూ, కుప్పం వైపు దారిలోని పలమనేరూ మిషను కేంద్రాలయ్యాయి. ఆనాటి మిషనరీలకు జనం దొరికే చోటు సంత. అక్కడనే మందులిచ్చేవారు, బోధించేవారు, సువార్త పుస్తకాలు అమ్మేవారు. అంటే ఈ సీమలో చర్చి సంతకు వెళ్లిన తరువాతనే సంత చర్చికి వచ్చింది.

ఆ సంఘాలలో చేరినవారిలో ఎక్కువమంది అంటరానివారుగా ఎంచబడిన కూలీలు. సంతలో సరకు అందరిదీ, గౌరవం మాత్రం కొందరిదే. సొంత పొలం లేనివానికి కోత అంటే గింజల రూపంలో దొరికే కూలి, కోత ముగిసిన చేలో ఏరుకొనే పరిగె. అటువంటివారు కోత పండుగకు ఏమి తెస్తారు? వంట చేసినప్పుడల్లా తీసి దాచిన పిడికెడు బియ్యమో రాగులో, పెరటి గుమ్మడికాయో, ఒక కోడిపెట్టో. ఇచ్చేది ఎంత చిన్నదైనా, అంతవరకు పుచ్చుకొనేవాడుగానే లెక్కలోకి వచ్చిన మనిషి ఆనాడు ఇచ్చేవాడయ్యాడు. ఈ పండుగలో నాకు ముఖ్యమనిపించినది ఈ మార్పే.

ప్రథమ ఫలాల అర్పణ బైబిలులో ప్రాచీనమైనది. ఇప్పుడున్న రూపం మాత్రం 1843 లో ఇంగ్లండులోని కార్న్‌వాల్ సీమలో, మోర్వెన్‌స్టో అనే పల్లెలో హాకర్ అనే గురువు జరిపిన కృతజ్ఞతారాధనతో వ్యాపించిందని చెబుతారు. మన దేశానికి వచ్చాక దానికి వేలంపాట తోడైంది. ఇందులో ఆశ్చర్యం లేదు. పూజలో పెట్టిన వస్తువును పాట పాడి దక్కించుకోవడం మనవారికి కొత్త కాదు; 1994 లో 450 రూపాయలతో మొదలైన బాలాపూర్ లడ్డు వేలం అందరికీ తెలిసిందే.

ఆరాధన ముగిశాక బల్ల మీది అర్పణలు ఒక్కొక్కటిగా పాటకు వస్తాయి. బజారులో పదిరూపాయల గుమ్మడికాయ ఇక్కడ వంద పలుకుతుంది. కొన్నవారే దానిని తిరిగి అర్పిస్తే మళ్లీ పాట మొదలవుతుంది. మండీలో కొనేవాడు తక్కువకు దక్కించుకోవాలని చూస్తాడు. ఇక్కడ ఎక్కువ ఇచ్చి పోవాలని చూస్తాడు. చదువుకొని పట్నం చేరిన బిడ్డలు ఆ ఒక్కరోజు ఊరికి వచ్చి, ఒక అవ్వ తెచ్చిన కోడిని పాడి కొంటారు. వచ్చిన సొమ్ము సంఘం ఖర్చులకు పోతుంది. పలుచోట్ల అందరూ కలిసి పంక్తిలో భోంచేస్తారు. పక్కపక్కన కూర్చొని తినడం ఒకప్పుడు ఎంత పెద్ద మాటో వేరే చెప్పనవసరం లేదు.

దీనిని మరీ ఆకాశానికి ఎత్తడమూ సరికాదు. పాట పెరిగేకొద్దీ ఉన్నవాని పేరే మారుమ్రోగుతుంది, లేనివాడు వెనుక వరుసకు జరుగుతాడు. పైగా ఏడాదికొక్క రోజు పలికిన ధర రైతు అప్పు తీర్చదు. ఆ పని వేరే ఏర్పాట్లు చేయాలి. కుప్పం శాసనసభ్యుడైన చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రిగా 1999 జనవరి 26న ప్రారంభించిన రైతుబజార్లు అటువంటివి. దళారీ లేకుండా రైతే తన పంటను అమ్ముకోవాలన్నది వాటి ఉద్దేశం. కొనేవానికి, పండించినవానికి ముఖపరిచయం కలిగించడంలో ఆ బజారు, ఈ చర్చి ఆవరణ ఒకదానికొకటి దగ్గరివే.

తేడా ఒక్కటే. రైతుబజారులో ధర పలక మీద ముందే రాసి ఉంటుంది. కోత పండుగలో ధర ఆ వస్తువును తెచ్చిన మనిషిని బట్టి పెరుగుతుంది. సమాజానికి ఈ రెండూ కావాలి. న్యాయమైన ధర లేనిదే రైతు బ్రతకడు. తన గంపను, తన పేరును ఎరిగినవారు నలుగురైనా లేనిదే ఊరు ఊరుగా నిలువదు.