పాత ఇంజనుకు ఏ నూనె?

కొండకల్, చేవెళ్ల, మొయినాబాద్ వైపు బావుల మీద మోట పోయి ఆయిల్ ఇంజన్ వచ్చింది. తర్వాత కరెంటు మోటారు వచ్చి దాన్ని మూలకు నెట్టింది. పాతదాన్ని ఇంకా కొట్టంలో అట్టిపెట్టుకున్న రైతు ఉంటే, ఈ ముచ్చట ఆయనకే.

నిమిషానికి 650 చుట్లు తిరిగే లిస్టర్ తరహా ఇంజనులో నూనె వడపోసే ఫిల్టరు లేదు. రాడ్డు చివరి గరిటె నూనెను చిమ్ముతుంది, మడ్డి అడుగున దిగుతుంది. సాదా నూనె దాన్ని దిగనిస్తుంది. కొత్త నూనెలోని మందు మడ్డిని తేల్చి తిప్పుతుంది. ఫిల్టరున్న బండికి అది మేలే, దీనికి మాత్రం అరుగుదల.

మరి సాదా నూనెకు కట్టడి ఎందుకంటారా? అమెరికా పెట్రోలియం సంస్థ 1947లో నూనెలను మూడు తరగతులు చేసింది. ఆ తర్వాతి అక్షరాల వరుసలో అట్టడుగుది ‘ఎస్ ఏ’. 1930 తర్వాతి చాలా పెట్రోలు ఇంజన్లకు అది తగదని ఆ సంస్థే హెచ్చరిస్తుంది. చవకని కొత్త బండిలో పోస్తే ఇంజను పాడు. మన దేశంలో 1987 ఉత్తర్వు నూనెల తయారీ, సరఫరాలను అదుపులో పెట్టింది. ఢిల్లీలో విడి టూ-టీ నూనె అమ్మకాన్ని 1998 చివరికల్లా ఆపాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. పొగ అంత ముదిరింది మరి.

విడి అమ్మకం ఆపడం సబబే. కాని సీలు డబ్బాలో, ఏ ఇంజనుకో రాసి, సాదా నూనె దొరకనివ్వాలి. దొరకక కొత్తది పోయాల్సొస్తే, ముందు తొట్టి విప్పి మడ్డి తీసెయ్యండి, మొదటి నూనెను తొందరగా మార్చండి.