ధనబోడు మీది దాపరికం

ఉపగ్రహాలు చూపే అక్షాంశ రేఖాంశాలను ఆధారంగా చేసుకొని, ఎవరో దాచిన డబ్బాను వెతికి, అందులోని పుస్తకంలో పేరూ తేదీ రాసి, డబ్బాను ఎక్కడిదక్కడే ఉంచి రావడాన్ని జియోక్యాచింగ్ అంటారు. జీపీఎస్ సంకేతాలను మసకబరిచే పద్ధతిని అమెరికా 2000 మే 2న మానుకోగా, మర్నాడే ఒరెగాన్‌లో డేవ్ ఉల్మర్ దాచిన బకెట్టుతో మొదలైన ఈ ఆటకు పాతికేళ్లు నిండాయి. దాచడానికీ వెతకడానికీ కృష్ణా మెట్టలో అంతకన్నా పాత చరిత్ర ఉంది.

జగ్గయ్యపేట పక్కనున్న గుట్టను జనం ధనబోడు, అంటే సంపదల గుట్ట, అన్నారు. దాని మీద క్రీస్తుపూర్వమే వెలసిన స్తూపానికి, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ ఏట, వానకాలపు ఎనిమిదో పక్షం పదోనాడు, సిద్ధార్థుడనే శిల్పి తూర్పు వాకిట అయిదు ఆయక స్తంభాలు, అనగా ముందుకు పొడుచుకొచ్చిన వేదికపై నిలిపే కంబాలు, ప్రతిష్ఠించి, సకల ప్రాణుల హితసుఖాల కోసమని ప్రాకృతంలో చెక్కించాడు. వచ్చిన మనిషి పేరూ రోజూ రాసి వెళ్లిన పాత పద్దుగా దాన్ని చూడవచ్చు.

విష్ణుకుండినులు, చాళుక్యులు, కాకతీయులు, గోల్కొండ సుల్తానులు గడిచిపోయాక, వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు బేతవోలు చెంత తండ్రి పేర జగ్గయ్యపేటను నిలిపాడు. 1882లో జేమ్స్ బర్జెస్ గుట్టెక్కేనాటికే సున్నపురాతి పలకలు చాలావరకు కట్టడాలకు తరలిపోయాయి. మిగిలిన వాటిలో ఒకటి మాంధాత చక్రవర్తి పలక: గొడుగు కింద కుడిచేయి పైకెత్తిన రాజు, చుట్టూ చక్రం, ఏనుగు, గుర్రం, మణి, రాణి తదితర సప్తరత్నాలు, మేఘాల నుంచి జలజల రాలుతున్న నలుచదరపు నాణేలు. గుట్ట పేరులోని ధనం ఈ వానేనని నమ్మాలనిపిస్తుంది.

తవ్వి దాచకూడదన్నది జియోక్యాచింగ్ నియమం. తీసిన చోటే ఉంచాలన్నది మరొకటి. ధనబోడు మీద రెండూ చెల్లలేదు, ఆ పలక ఇప్పుడు చెన్నై ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. 2014లో రాష్ట్రం విడిపోవడంతో, నందిగామ నుంచి ఈ ఊరి మీదుగా కోదాడకు పోయే రహదారి గరికపాడు వద్ద రెండు రాష్ట్రాల సరిహద్దును దాటేదైంది. 2022లో జగ్గయ్యపేట కృష్ణా జిల్లా నుంచి విడిపడి, కొత్తగా ఏర్పడిన ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది. గుట్ట మాత్రం 17 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి కాస్త దిగువన, నాణేల వాన లేకుండా, అక్కడే ఉంది.