రేవు కొలువులో వకీలు

భారతదేశంలో ఏ ఓడరేవైనా తన పేరిట దావా వేయాలన్నా, తన మీద పడిన దావాకు జవాబు చెప్పుకోవాలన్నా ముందుగా అది చట్టం దృష్టిలో ఒక ‘వ్యక్తి’ కావాలి. అంటే పాలకులు మారినా చెదరని ఉనికి, తనదంటూ ఆస్తి, ఒప్పందాల మీద వేయడానికి సొంత ముద్ర దానికి ఉండాలి. ఈ హోదా బొంబాయి రేవుకు 1873లో ఏర్పడిన పోర్టు ట్రస్టుతోనే దక్కింది; మద్రాసుకు హార్బరు ట్రస్టు రూపంలో మొదలై 1905 నాటి చట్టంతో స్థిరపడింది. విశాఖపట్నం రేవుకు మాత్రం ఓడలు రావడం మొదలైన మూడు దశాబ్దాల తరువాత గాని అది రాలేదు. రేవులో జీతానికి పనిచేసే న్యాయ సలహాదారు, అంటే నేటి వాడుకలో సీనియర్ లా ఆఫీసరు, ఎప్పుడు ఎందుకు అవసరమయ్యాడన్న ప్రశ్నకు జవాబు ఈ హోదా చరిత్రలోనే దొరుకుతుంది.

బెంగాల్ నాగపూర్ రైల్వే నిర్మించిన విశాఖ రేవులోకి 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ అనే ఓడ తొలిసారిగా ప్రవేశించగా, అదే సంవత్సరం డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ దానిని లాంఛనంగా ప్రారంభించాడు. అప్పటినుంచి 1964 దాకా రేవు కేంద్ర ప్రభుత్వపు చేతి కిందిదే. సరుకు పాడైందనో, అద్దె ఎక్కువ పట్టారనో వర్తకుడు వ్యాజ్యానికి దిగితే ప్రతివాది రేవు కాదు, ప్రభుత్వం. సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షను ప్రకారం రెండు నెలల ముందు నోటీసు ఇచ్చి మరీ ప్రభుత్వం మీద దావా వేయాలి. దానికి జవాబు చెప్పేది ప్రభుత్వ ప్లీడరు. రేవులో ఉండే అధికారికి 1908 నాటి ఇండియన్ పోర్ట్స్ చట్టం ‘కన్సర్వేటర్’ అన్న పేరుతో ఓడలు ఎక్కడ నిలవాలో, ఎప్పుడు కదలాలో శాసించే అధికారాన్నిచ్చింది గాని, కోర్టుతో ఆయనకు పెద్దగా పని పడేది కాదు. కాకినాడ, మచిలీపట్నం వంటి చిన్న రేవులదీ దాదాపు ఇదే తీరు.

1963లో పార్లమెంటు చేసిన మేజర్ పోర్ట్ ట్రస్ట్స్ చట్టం 1964 ఫిబ్రవరి 29న అమలులోకి వచ్చి, విశాఖ రేవును కొచ్చిన్, కాండ్లాలతో పాటు ట్రస్టీల బోర్డు కిందికి తెచ్చింది. ముద్రతో పాటు బాధ్యత కూడా రేవు నెత్తికే వచ్చింది. తన స్వాధీనంలోకి తీసుకున్న సరుకు విషయంలో బోర్డు కాంట్రాక్టు చట్టం చెప్పే ‘బెయిలీ’ అవుతుందని, అంటే పరుల సొత్తును నమ్మకం మీద అట్టిపెట్టుకున్నవాడు తన సొంత సొత్తును చూసుకున్నంత జాగ్రత్తగా చూడాలన్న నియమం దానికీ వర్తిస్తుందని, 43వ సెక్షను నిర్దేశించింది. రావలసిన సొమ్ము చెల్లేదాకా సరుకును విడవకుండా ఆపే హక్కు, రెండు నెలలు దాటినా తీసుకుపోని సరుకును బహిరంగ వేలం వేసే హక్కు, బకాయిపడిన ఓడను కదలనివ్వకుండా జప్తు చేసే హక్కు కూడా అదే చట్టం ఇచ్చింది. ఇన్ని హక్కులు, ఇన్ని పూచీలు ఒకచోట చేరాక ప్రతి వేలం నోటీసు వెనుక, ప్రతి రసీదు వెనుక ఒక సెక్షను నిలబడక తప్పలేదు. దానిని ముందుగా చదివి చెప్పే మనిషి కార్యాలయంలోనే ఉండాల్సివచ్చింది.

ఆ మనిషి పరిస్థితి మాత్రం విచిత్రమైనది. పూర్తికాలం జీతం మీద పనిచేసేవారు అడ్వకేట్లుగా ప్రాక్టీసు చేయరాదని బార్ కౌన్సిల్ నియమావళిలోని 49వ నియమం చెబుతుంది. చట్టం ద్వారా ఏర్పడిన సంస్థల లా ఆఫీసర్లకు ఒకప్పుడు ఇందులో మినహాయింపు ఉండేది గాని, 2001లో దానిని తొలగించారు. ఆ తరువాత రేవు లా ఆఫీసరు కోర్టు మెట్లెక్కగలడు గాని, నల్లకోటు వేసుకుని వాదించలేడు; వాదన ప్యానెల్ అడ్వకేటుది, ఆ వాదనకు సరుకు అందించడం ఇతనిది. ట్రాఫిక్ విభాగం, ఆర్థిక విభాగం, మెరైన్ విభాగం వేర్వేరుగా రాసి పంపే సంగతులను ఒకదానితో ఒకటి సరిచూసి, అర్జీలోని ఒక్కొక్క పేరాకు జవాబుగా తయారుచేసే ‘పేరావైజ్ రిమార్కులు’ ఇతని బల్ల మీదే రూపు కడతాయి. ఓడ బెర్తుకు వచ్చిన వేళను మెరైన్ విభాగం ఒకలా, ట్రాఫిక్ విభాగం మరోలా నమోదు చేసి ఉంటే ఆ తేడా న్యాయమూర్తి కంట పడకముందే పట్టుకోవడం ఇతని పని. పట్టుకోలేకపోతే ఎంత పెద్ద వకీలును పెట్టినా దావా అక్కడే వీగిపోతుంది. తీర్పుల నివేదికలలో కనిపించేది వాదించిన వకీళ్ల పేర్లే కాబట్టి, ఈ శ్రమకు చరిత్రలో దక్కిన చోటు దాదాపు శూన్యం.

రేవు న్యాయవాదికి అన్నింటికన్నా చేతికందిన ఆయుధం కాలదోషం. 2021 దాకా అమలులో ఉన్న 1963 చట్టంలోని 120వ సెక్షను ప్రకారం బోర్డు మీద దావా వేయదలచినవారు నెల రోజుల ముందు నోటీసు ఇవ్వాల్సి ఉండేది, వివాదానికి కారణం పుట్టిన 6 నెలల లోపే కోర్టుకు వెళ్లాల్సి ఉండేది. మామూలు బాకీ దావాకు దొరికే 3 సంవత్సరాల గడువుతో పోలిస్తే ఇది బహు స్వల్పం. పాత బొంబాయి, మద్రాసు చట్టాలలోనూ ఇటువంటి నిబంధనలే ఉండేవి. వందల ఓడలను, వేల మూటలను చూసే సంస్థ మీద పాత తగాదాలు ఏళ్ల తరబడి వేలాడకూడదన్నది వాటి ఉద్దేశం. అయితే ఆ ఆయుధాన్ని ఎప్పుడు దూయాలన్నది వేరే ప్రశ్న. మద్రాసు పోర్టు ట్రస్టుకూ హిమాంశు ఇంటర్నేషనల్ సంస్థకూ మధ్య నడిచిన కేసులో, ఎక్కువగా వసూలైన సొమ్ము తిరిగి ఇవ్వమని అడిగిన వర్తకుడి మీద రేవు కాలదోషాన్ని ప్రయోగించినప్పుడు, న్యాయమైన కోరికను ఓడించడానికి ప్రజాసంస్థ ఇలాంటి సాంకేతిక సాకును ఆశ్రయించడం తగదని 1979లో సుప్రీంకోర్టు కటువుగానే చెప్పింది. ఈ మాట చెప్పినంత తేలికగా పాటించదగినది కాదు: కాలదోషం దాటిన సొమ్మును లా ఆఫీసరు సలహా మీద చెల్లిస్తే ఆడిట్ అభ్యంతరం వస్తుంది, చెల్లించకుండా వాదిస్తే కోర్టు అక్షింతలు పడతాయి. ఫైలు మీద సంతకం పెట్టేవాడు కోర్టుకన్నా ఆడిట్‌కే ఎక్కువ జడిశాడన్నది, అటువంటి కేసులు సుప్రీంకోర్టు దాకా నడిచిన తీరును బట్టి ఊహించదగిన విషయం.

డెమరేజి తగాదాలు ఇంతకన్నా పాతవి, పెద్దవి. ఉచిత గడువు దాటినా రేవు షెడ్డులో పడి ఉన్న సరుకు మీద రోజురోజుకూ పెరిగే రుసుమే డెమరేజి. కస్టమ్స్ వారు ఆపినందువల్ల సరుకు కదలకపోతే ఆ రుసుము ఎవరు భరించాలన్న ప్రశ్నకు, మద్రాసు రేవుకు సంబంధించిన అమీన్‌చంద్ ప్యారేలాల్ కేసులో సుప్రీంకోర్టు 1975లో రేవు పక్షాన తీర్పునిచ్చింది: దిగుమతిదారు తప్పు లేకపోయినా రేవు తన స్థలానికి రావలసింది తాను రాబట్టుకోవచ్చు. 1999 నాటి శ్రీయనేష్ నిట్టర్స్ కేసులో బొంబాయి రేవు మరో అడుగు ముందుకు వేసి, పాత సరుకు తాలూకు బకాయికి అదే వర్తకుడి కొత్త సరుకును ఆపగల హక్కును కాంట్రాక్టు చట్టం 171వ సెక్షను ఆధారంగా సాధించుకుంది. రేవు చట్టంలో లేని హక్కును సామాన్య చట్టంలో వెతికి తేవడం ఈ కేసులో చూడదగిన నేర్పు.

విశాఖ పేరు భారత నౌకా న్యాయ చరిత్రలో శాశ్వతంగా నిలవడానికి కారణం మాత్రం రేవు స్వయంగా వాది కాని ఒక వ్యాజ్యం. గ్రీసులో వ్యాపారం చేసే విదేశీ కంపెనీకి చెందిన ‘ఎం.వి. ఎలిజబెత్’ అనే ఓడ, మార్ముగోవా నుంచి తీసుకుపోయిన సరుకును, గోవాకు చెందిన ఎగుమతి సంస్థ వద్దన్నా వినకుండా విదేశంలో అప్పగించి, 1984 ఏప్రిల్ 13న విశాఖ రేవులోకి వచ్చింది. సముద్రపు జాడే లేని హైదరాబాదులోని హైకోర్టు ఉత్తర్వుతో ఆ ఓడ అక్కడ అరెస్టయింది. ఓడను అరెస్టు చేయడమంటే దానినే ప్రతివాది స్థానంలో నిలబెట్టి, యజమాని పూచీకత్తు ఇచ్చేదాకా రేవు దాటకుండా ఆపడం. బ్రిటిష్ కాలపు చట్టాల ప్రకారం ఈ అధికారం కలకత్తా, మద్రాసు, బొంబాయి హైకోర్టులకే ఉందన్నది ఓడ యజమాని వాదన. దానిని తోసిపుచ్చుతూ 1992లో సుప్రీంకోర్టు, రాజ్యాంగం కింద ప్రతి హైకోర్టుకూ అటువంటి అధికారం సహజంగానే ఉందని తేల్చింది. ఇప్పుడు 2017 నాటి అడ్మిరాల్టీ చట్టం ఆ అధికారానికి స్పష్టమైన రూపమిచ్చింది. ఓడ మీద అందరికన్నా ముందుగా చెల్లవలసిన హక్కులలో నావికుల జీతాలు, ప్రాణనష్ట పరిహారం, ఓడను ఆపద నుంచి కాపాడిన ఖర్చుల తరువాత నాలుగో స్థానాన్ని రేవు రుసుములకు కేటాయించింది.

అరెస్టు ఉత్తర్వు అందగానే రేవులో జరిగే పని చూస్తే లా ఆఫీసరు పాత్ర తేటతెల్లమవుతుంది. ఉత్తర్వు అసలైనదేనా, అందులోని ఓడ పేరు బెర్తులో ఉన్న ఓడ పేరుతో సరిపోతుందా అన్నది చూసి, పైలట్‌ను పంపవద్దని మెరైన్ విభాగానికి రాయాలి. రేవు బకాయిలు తీరనిదే ఓడకు పోర్టు క్లియరెన్సు ఇవ్వరాదన్న నియమాన్ని కస్టమ్స్ వారికి గుర్తుచేయాలి. పరువు పోయేది ఓడ యజమానిదే అయినా నష్టం రేవుకూ ఉంటుంది, ఎందుకంటే అరెస్టయిన ఓడ ఆక్రమించిన బెర్తులోకి మరో ఓడ రాలేదు. అందువల్ల దానిని లంగరు తావుకు తరలించడానికి కోర్టు అనుమతి కోరడం కూడా రేవు లెక్కల్లోకి వస్తుంది.

రేవు తన ఉద్యోగుల మీద జరిపే విచారణలలో లా ఆఫీసర్ల పాత్ర ఒకసారి బెడిసికొట్టింది. బొంబాయి పోర్టు ట్రస్టు ఒక ఉద్యోగి మీద అభియోగాలు నిరూపించడానికి తన న్యాయ విభాగం అధికారులనే నియమించి, ఆ ఉద్యోగి వకీలును పెట్టుకోవడానికి మాత్రం ఒప్పుకోలేదు. ఇది సహజ న్యాయానికి విరుద్ధమని సుప్రీంకోర్టు 1982లో అభిప్రాయపడింది. రేవు భూముల్లోని కౌలుదార్లను ఖాళీ చేయించే విషయంలోనూ, మామూలు ఇంటి యజమానిలా కాక ప్రజాసంస్థలా సహేతుకంగా నడుచుకోవాలని 1989లో అదే రేవుకు చెప్పాల్సివచ్చింది.

1990ల చివరి నుంచి ఈ ఉద్యోగం స్వరూపం మారింది. రేవులు తామే సరుకు దింపడం తగ్గించి, టెర్మినళ్లను 30 ఏళ్ల ఒప్పందాల మీద ప్రైవేటు సంస్థలకు అప్పగించసాగాయి. వివాదాలు కోర్టుల నుంచి మధ్యవర్తిత్వ ట్రిబ్యునళ్లకు మళ్లాయి. తూత్తుకుడి రేవు విషయంలో, రాయల్టీ పద్ధతిలో రాసుకున్న ఒప్పందాన్ని మధ్యవర్తులు రాబడి వాటా పద్ధతికి మార్చడం చెల్లదని 2021లో సుప్రీంకోర్టు నిర్ణయించింది. అదే ఏడాది నవంబరు 3న అమలులోకి వచ్చిన మేజర్ పోర్ట్ అథారిటీస్ చట్టం ట్రస్టులను అథారిటీలుగా మార్చి, 1997 నుంచి కేంద్ర స్థాయిలో జరుగుతున్న రుసుముల నిర్ణయాన్ని రేవు బోర్డులకే అప్పగించి, తగాదాలకు అడ్జుడికేటరీ బోర్డును చూపించింది. దానితో రుసుము సబబేనా అన్న ప్రశ్నకు జవాబు తయారుచేసే భారం నేరుగా రేవు న్యాయ విభాగం మీద పడింది. ఇక 2025 అక్టోబరు 31న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, అడ్వకేటుకూ కక్షిదారుకూ మధ్య మాటలకు భారతీయ సాక్ష్య అధినియమం 132వ సెక్షను ఇచ్చే గోప్యత జీతం మీద పనిచేసే న్యాయ సలహాదారుకు వర్తించదు. రేవు ఛైర్మన్‌కు లా ఆఫీసరు రాసే అభిప్రాయం ఎవరి చేతికి చిక్కవచ్చునో ఆలోచించి రాయాల్సిన కాలం అలా వచ్చింది.