బిలాసపూర్ వరిచేలు

బిలాసపూర్ అనగానే తెలుగువారికి రైలు కూడలియే స్ఫురించును. ఆ ఊరి చుట్టునున్న వరిచేల చరిత్ర అంతకంటె ప్రాచీనము. 1890 ప్రాంతమున బెంగాల్ నాగపూర్ రైలుమార్గము వచ్చినపిమ్మట ఇచ్చటి ధాన్యము దూరపు సంతలకు సాగిపోయెను. 1897, 1900 సంవత్సరముల కరవులలో బయటి ధాన్యమును తెచ్చినదియు ఆ రైలే. గాని చేతిలో కాసు లేనివాడు వచ్చిన ధాన్యమును కొనుట యెట్లు? 1930 నాటికి రతన్‌పూర్ చెంత ఖారంగ్ నదిపై ఖూటాఘాట్ జలాశయ మేర్పడి కొన్ని చేలకు నీరందించెను.

నీరందని చోట రైతునకు అండ బియాసీ. వెదజల్లిన వరి నెలనాళ్లు పెరిగి, మడిలో వాననీరు నిలిచినపుడు పైరుమీదనే నాగలి నడపుదురు. క్రొత్తగా చూచువారికి పైరు పాడైనట్లే తోచును! కలుపు అణగి, ఒత్తు పలుచనై, పైరు మరల లేచును. వాన ఆలసించినచో ఆ పనియు ఆగును. అదియే దాని లోపము. కనుకనే మెరక చేలకు త్వరగా పండు రకములను, పల్లమునకు ఆలస్యముగా పండు రకములను వేర్వేరుగా దాచుకొనిరి.

ఈ విత్తనముల విలువ నెరిగి డాక్టర్ ఆర్. హెచ్. రిఛారియా 1970 దశకమున రాయపూర్ కేంద్రముగా నాటి మధ్యప్రదేశ్ పల్లెలనుండి సుమారు 19,000 వరి నమూనాలు సేకరించెను. 2002లో వానిని సింజెంటా సంస్థతో పంచుకొను యత్నము ప్రజల అభ్యంతరముచే ఆగినది. అవి నేడు రాయపూర్ ఇందిరాగాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయమున నిల్వయందున్నవి. వానరాకను నమ్మలేని ఈ కాలమున వాని చోటు రైతు గాదె; అచ్చట మాత్రము పెక్కు రకములు కానరావు.