పసిబిడ్డ తొలి జావ



మన ఇండ్లలో బిడ్డకు ఆరవ నెల రాగానే అన్నప్రాశనమునకు ముహూర్తము పెట్టింతుము. బంధువులు వత్తురు. మేనమామ పాయసము నాకించును. పిదప పుస్తకము, బంగారము మొదలగు వస్తువులను ముందు పరచి, బిడ్డ దేనిని పట్టుకొనునో యని వేడుకగా చూతుము. ఆ దినము గడచిన పిమ్మట ఆ బిడ్డ గిన్నెలో ఏమి పడుచున్నదో విచారించువారు అరుదు. నేడు నేను ముచ్చటింపదలచినది ఆ మరునాటి గిన్నెను గూర్చియు, అందలి ధాన్యపు జావ చరిత్రను గూర్చియు.

నేను వైద్యుడను గాను. ఈ విషయము నన్ను పట్టి విడువకుండుటకు కారణ మొకటి కలదు. నాకు ఆరేండ్ల వయసున మా ఇంట పది నెలల తమ్ముడుండెను. మా తల్లి మరల గర్భవతి యగుటచే వానికి పాలు మాన్పించి, అన్నపు గంజితేట పోయుచుండిరి. ఇంట కరవు లేదు; గాదెలో ధాన్య ముండెను. ఏడాది నిండునప్పటికి వాని కాళ్లును, బుగ్గలును ఉబ్బెను. తల వెండ్రుకలు రాగివన్నెకు తిరిగెను. చూడవచ్చినవారు బిడ్డ బొద్దుగా నున్నాడని సంతోషించిరి. అది బొద్దుదనము కాదు, ఒంటికి పట్టిన నీరు. ఆ వర్షాకాలముననే వాడు పోయెను. వానికి వచ్చిన దేమో మావారికి తెలియలేదు. ఎన్నో యేండ్లకు, పుస్తకములు తిరుగవేయగా నాకు తెలిసినది.

మొదట నెలను గూర్చిన నియమమును చూతము. ఆశ్వలాయన, పారస్కర గృహ్యసూత్రములు రెండును అన్నప్రాశనమును ఆరవ మాసముననే విధించినవి. ఆ మాసమున తేలికయైనదియు, హితమైనదియు నగు అన్నమును పెట్టవలెనని సుశ్రుతసంహిత శారీరస్థానము చెప్పుచున్నది. శిశువైద్యమునకు పేరుపొందిన కాశ్యపసంహిత మరికొంత జాగ్రత్త వహించి, ఆరవ నెలలో ఫలములను, దంతములు వచ్చిన పిదప పదవ నెలలో అన్నమును పెట్టుమన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో చేసిన నిర్ణయమును ఇట్టిదే: ఆరు నెలలు నిండువరకు తల్లిపాలే చాలును, మంచినీరు సైతము అక్కరలేదు, పిదప తల్లిపాలు మానకయే ఇతరాహారమును మొదలిడవలెను. అప్పటికి బిడ్డ మెడ నిలిపి, ఆనించినచో కూర్చుండగలదు. నోటిలో పెట్టినదానిని నాలుకతో వెలికి నెట్టుట తగ్గును. పుట్టుకతో తెచ్చుకొన్న ఇనుము నిలువయు తరిగిపోవును.

ప్రాచీనులు చెప్పిన దంతయు నేటికి చెల్లునని నే ననను. అన్నమున పెరుగును, తేనెయు, నేయియు కలుపుమని ఆశ్వలాయనుడు చెప్పెను. కాని శిశువులకు వచ్చు బాటులిజమను రోగమును 1976లో అమెరికాలోని కాలిఫోర్నియాలో గుర్తించిన పిమ్మట, తేనె దానికొక కారణమని తేలినది. కావున ఏడాది నిండనిదే తేనెను నాలుకకు రాయను గూడదు. శాస్త్రమునకైనను, పాయసమునకైనను ఇది వర్తించును.

నెలను మనము మరువలేదు, మరచినది చిక్కదనమును. పిండిని నీటిలో ఉడికించినచో అది నీరు పీల్చి చిక్కనగును. బిడ్డ మ్రింగలేదు గనుక తల్లి ఇంకను నీరు పోయును. జావ జారుడగును, కాని అందు మిగులునది నీరే. పసికడుపు చిన్నది. నీటితో అది నిండును, బిడ్డ యేడువదు, ఒడలికి మాత్రము బలము చేరదు. మా తమ్ముని గిన్నెలో ఆ నీటితోడు పప్పు లేదు, పాలు లేవు.

ఇట్టి బిడ్డలను ఆఫ్రికాలో చూచిన వైద్యురాలు సిసిలీ విలియమ్స్. నేటి ఘనాదేశము నాడు గోల్డుకోస్టు. అచట పాలు మాన్పించి మొక్కజొన్న జావ మాత్రమే పోసిన బిడ్డలు ఒడలు ఉబ్బి చనిపోవుట చూచి, 1933లో ఆమె ఆ రోగమును వర్ణించెను. 1935లో అచటివారి 'క్వాషియార్కర్' అను పేరును వైద్యలోకమునకు తెలిపెను. మరియొక బిడ్డ రాగా ముందరి బిడ్డకు వచ్చు రోగమని దాని భావము. అది చదివిన నాడు నాకు మా తమ్ముని బుగ్గలు కన్నులకు కట్టినవి.

దీనికి మందు మన అవ్వల చేతిలో కొంత యుండెను. మా అమ్మమ్మ ఊరిలో చోళ్లను నానబెట్టి, తడిబట్టలో మూటగట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి విసరుచుండిరి. వానిని కొందరు రాగు లందురు, తెలంగాణమున తైద లందురు. ఆ పిండితో కాచిన జావ చిక్కగా వేసినను సులువుగా జారును. కారణమును పాశ్చాత్యులు కనిపెట్టిరి. 1833లో ఫ్రాన్సున పాయెన్, పెర్సో అను ఇరువురు మొలకెత్తిన యవలనుండి డయాస్టేసు అను పదార్థమును తీసిరి. అది పిండిని విరిచి చక్కెరగా మార్చును. 1865లో జర్మనీలో లీబిగ్ గోధుమపిండి, మొలకయవల పిండి, ఆవుపాలు కలిపి శిశువులకొక ఆహారమును కల్పించెను. మన దేశమున బరోడాలో తారా గోపాల్‌దాసును, ఆమె తోడివారును చిక్కని బియ్యపు జావలో కొంచెము మొలకపిండి కలిపినచో అది పలుచనగునని పరీక్షించి 1986లో ప్రకటించిరి. నీరు పోయకయే జావ జారునట్లు చేయుట, బలమును తగ్గింపకయే మ్రింగునట్లు చేయుట, ఇదియే అందలి మేలు.

కూనూరునుండి 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాల 1969లో జాతీయ పోషకాహార సంస్థ యయ్యెను. చిక్కిన బిడ్డలకై వారు చేసిన పిండికి హైదరాబాదు మిశ్రమమని పేరు: వేయించిన గోధుమలు 40 గ్రాములు, వేయించిన శనగలు 16, వేరుశనగలు 10, బెల్లము 20. ధాన్యమునకు పప్పు తోడు కావలెనను మాటను అది తూకములతో చెప్పినది.

ఇక చేయవలసినది. ఆరు నెలలు నిండిన పిదప రెండు మూడు చెంచాలతో మొదలిడి, దినమునకు రెండు మూడు మారులు, తొమ్మిదవ నెల దాటిన పిమ్మట మూడు నాలుగు మారులు పెట్టవలెను. జావ చెంచానుండి కారిపోక నిలువవలెను. అందు మెత్తని పప్పు, చెంచాడు నేయి, మెదిపిన ఆకుకూర చేర్చవలెను. తినువారింట గ్రుడ్డును పెట్టవచ్చును. మొలకపిండిని చల్లారుచున్న జావలో కలిపి, పలుచనైన పిదప మరల ఒక పొంగు రానీయవలెను. మొలకలతో సూక్ష్మజీవులును పెరుగును గదా. లేత జొన్న మేసిన పశువు చచ్చుట రైతు లెరిగినదే. ఆ విషము జొన్న మొలకలోను కలదు. కావున బిడ్డ జావకు జొన్నలను మొలకెత్తింపరాదు. వేరుశనగ గింజలను పొడి చేయవలెనే గాని విడిగా ఇయ్యరాదు, గొంతున అడ్డుపడును. సీసా వలదు, గిన్నెయు చెంచాయు చాలును. చేతులు సబ్బుతో కడిగికొని, అప్పటికప్పుడు కాచి పెట్టవలెను. రెండేండ్లవరకైన తల్లిపాలు సాగనీయవలెను. కాళ్లు ఉబ్బినను, బిడ్డ మందగించినను ఆలస్యము చేయక వైద్యునికి చూపవలెను.

పెద్దలారా, ఇంటిలో మీ మాటకు విలువ కలదు. ముహూర్తము నడిగిన నోటితోనే కోడలిని పిలిచి, జావ ఎంత చిక్కగా నున్నదమ్మా, అందు పప్పు పడినదా అని అడుగుడు. గర్భము నిలిచినదని యెవరైన పాలు మాన్పింపబోయినచో ముందు వైద్యు నడుగుడని చెప్పుడు. మా ఇంట ఆ నాడు అట్లు అడిగినవా రెవరును లేరు.