మోసే భుజాల నుంచి మోసే దారుల దాకా: నడవలేనివారి విహారానికి ఒక చరిత్ర

ఇంట్లో అందరూ ఊరికి బయలుదేరుతుంటే "మీరు వెళ్లి రండి, నేను ఇల్లు చూసుకుంటాను" అనే పెద్దవారు చాలా కుటుంబాల్లో ఒకరుంటారు. మోకాళ్ల అరుగుదల, పక్షవాతం, పార్కిన్సన్స్ వ్యాధి, తుంటి ఎముకకు జరిగిన శస్త్రచికిత్స, కారణం ఏదైనా కావచ్చు. వైద్యవృత్తిలో ఇటువంటివారిని ఎందరినో చూశాను. నొప్పి గురించి అడిగితే వివరంగా చెప్పేవారు. ప్రయాణం మాట ఎత్తితే మాత్రం "ఇంకొకరికి బరువు ఎందుకు, డాక్టరుగారూ" అని ముగించేవారు. వారిని ఇంట్లో కట్టిపడేస్తున్నది కాళ్ల బలహీనత కొంతే. ఇతరులకు భారమవుతామన్న సంకోచం అంతకంటె ఎక్కువ.

ఈ "బరువు" అనే మాట ఊరికే పుట్టలేదు. మన దేశంలో నడవలేని మనిషి ప్రయాణించాలంటే నిజంగానే మరొక మనిషి భుజం కావలసివచ్చేది. ఆ భారం భుజాల నుంచి బండ్లకు, బండ్ల నుంచి రోడ్లకు, రోడ్ల నుంచి యంత్రాలకు ఎలా మారుతూ వచ్చిందో తెలుసుకుంటే, నేటి పెద్దల సంకోచం కొంతవరకైనా తగ్గుతుందని నా ఆశ.

పల్లకీ, డోలీ

తెలుగులో యాత్రాచరిత్ర అనగానే గుర్తుకు వచ్చే గ్రంథం ఏనుగుల వీరాస్వామయ్య రచించిన "కాశీయాత్ర చరిత్ర". మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న బయలుదేరి, తిరుపతి, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ చేరి, కలకత్తా, పూరీల మీదుగా 1831 సెప్టెంబరు 3న తిరిగి మద్రాసు చేరుకున్నారు. వెంట దాదాపు వందమంది పరివారం. పల్లకీలు మోయడానికి బోయీలు. ఆ గ్రంథం 1838లో అచ్చయింది.

వైద్యుడిగా నన్ను ఆకట్టుకున్నది ఆయన వివరాలు నమోదు చేసిన పద్ధతి. ఏ మజిలీలో మంచినీరు దొరుకుతుంది, ఎక్కడ అంగళ్లున్నాయి, దిగడానికి సత్రమో చావడో ఉన్నదా, దారి రాతినేలా ఇసుకనేలా అన్న సంగతులను తరువాత వచ్చే యాత్రికుల కోసం రాసిపెట్టారు. నడక కష్టమైనవారు ఈనాడు ప్రయాణానికి ముందు కనుక్కోవలసిన విషయాలు సరిగ్గా ఇవే. దారి ఎటువంటిది, దిగే చోటు ఎటువంటిది, మధ్యలో ఆగడానికి ఏముంది? రెండు వందల ఏళ్లు కావస్తున్నా ప్రశ్నలు మారలేదు.

కొండమీది క్షేత్రాలకు పల్లకీ స్థానంలో డోలీ ఉండేది. తిరుమలకు అలిపిరి మార్గంలో సుమారు 3,500 మెట్లు. ఎక్కగలవారు ఎక్కేవారు, వృద్ధులు, రోగులు, స్తోమత ఉంటే, డోలీలో కూర్చుని వెళ్లేవారు. స్తోమత లేనివారు కింద నుంచే నమస్కరించి వెనుదిరగవలసివచ్చేది. నడవలేనివారికి మన సమాజం దారి మూసివేయలేదన్నది ఎంత నిజమో, ఆ దారి డబ్బున్నవారికే తెరిచి ఉండేదన్నదీ అంతే నిజం. మోసేవారి వెన్నెముకల గురించి, అరిగిన వారి మోకాళ్ల గురించి రాసిపెట్టినవారు అరుదు.

డోలీ కాలగర్భంలో కలిసిపోయిందని అనుకోవద్దు. అల్లూరి సీతారామరాజు జిల్లాలో రోడ్డు లేని గిరిజన గ్రామాల నుంచి గర్భిణులను, రోగులను ఇప్పటికీ డోలీ కట్టి మోసుకొస్తున్న వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. అది విహారం కాదు, ప్రాణం కోసం పడే పాట్లు. దారి లేనిచోట మనిషే దారి కావలసివస్తుందని అది ఈనాటికీ గుర్తుచేస్తోంది.

నీటిమీద ప్రయాణం

కదలికలు పరిమితమైనవారికి మన నేలలో అత్యంత సుఖమైన పాత ప్రయాణం పడవ. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి డెల్టా కాలువలు పొలాలకు నీళ్లతో పాటు మనుషులకు దారినీ ఇచ్చాయి. కాకినాడ నుంచి మద్రాసు మీదుగా దక్షిణానికి సాగిన బకింగ్‌హాం కాలువ కూడా అటువంటిదే. కుదుపు లేదు, మెట్లు లేవు, పడుకుని వెళ్లవచ్చు. గాలి వాటం లేనప్పుడు గట్టుమీద నడుస్తూ తాళ్లతో పడవను లాగేవారు. ఇక్కడా మనిషి భుజమే. అయితే పల్లకీలో ఒక్కరిని మోసే శ్రమతో నీటిమీద ఎందరో కదిలేవారు.

ఈనాడు రాజమహేంద్రవరం వైపు నుంచి పాపికొండలకు వెళ్లే లాంచీలు ఆ అనుభవానికి వారసులు. కూర్చున్నచోటు నుంచి కదలకుండానే కొండలు మన ముందుకు వస్తాయి. అయితే 2019 సెప్టెంబరులో కచ్చులూరు వద్ద జరిగిన ఘోర ప్రమాదాన్ని మరచిపోరాదు. లైఫ్ జాకెట్ తొడుక్కోకుండా, వరద కాలంలో, కిక్కిరిసిన లాంచీలో ఎవరూ ఎక్కకూడదు. వేగంగా కదలలేనివారు అసలే ఎక్కకూడదు. రేవులో పడవ ఎక్కే పలక వెడల్పు, పట్టుకోవడానికి ఆసరా ఉన్నదీ లేనిదీ ముందే విచారించుకోవాలి.

విశ్రాంతి కోసం పుట్టిన ఊళ్లు

నడవలేనివారి వాహనానికి, విశ్రాంతి పట్టణానికి ప్రపంచ చరిత్రలోనే దగ్గరి చుట్టరికం ఉంది. ఇంగ్లండులో వేడినీటి బుగ్గలకు పేరుపొందిన బాత్ పట్టణంలో, 18వ శతాబ్దం మధ్యలో, జేమ్స్ హీత్ అనే వ్యక్తి రోగులను స్నానఘట్టాలకు తీసుకువెళ్లడానికి చక్రాల బండి తయారుచేశాడు. దానికి ఆ ఊరి పేరే వచ్చి "బాత్ చైర్" అయింది. దాన్నీ మరొకరు లాగాలి లేదా తోయాలి. 1930లలో అమెరికాలో హెర్బర్ట్ ఎవరెస్ట్, హ్యారీ జెన్నింగ్స్ అనే ఇద్దరు మిత్రులు మడతపెట్టి కారులో వేసుకోదగిన లోహపు చక్రాల కుర్చీని రూపొందించారు. ఎవరెస్ట్ గని ప్రమాదంలో నడుము దెబ్బతిన్న ఇంజనీరు. నడవలేనివాడు తన అవసరాన్ని తానే గుర్తించి చేయించుకున్న వస్తువు కాబట్టే అది ప్రపంచమంతటా నిలిచింది.

మన వైపు విశ్రాంతికి పేరొందిన ఊరు మదనపల్లె. చల్లని గాలి కోసం దగ్గరలోని హార్స్‌లీ కొండలకు వెళ్లేవారు. 1919 ఫిబ్రవరి చివర, ఉపన్యాస యాత్రలతో అలసిన రవీంద్రనాథ ఠాగూరు విశ్రాంతి కోసం మదనపల్లె వచ్చి అక్కడి దివ్యజ్ఞాన కళాశాలలో బస చేశారు. "జనగణమన" గీతాన్ని ఆయన ఇంగ్లీషులోకి అనువదించింది ఆ బసలోనే.

అదే మదనపల్లె దగ్గర 1915లో క్షయరోగుల ఆరోగ్యవరం ప్రారంభమైంది. డెన్మార్క్‌కు చెందిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్‌మొల్లర్ దాన్ని దశాబ్దాల పాటు నడిపించారు. హైదరాబాదు వారికి వికారాబాదు అనంతగిరి కొండల్లోని శానిటోరియం తెలిసిందే. మందులు లేని రోజుల్లో మంచి గాలి, మంచి తిండి, మంచం మీద విశ్రాంతి, ఇవే చికిత్స. 1956లో మద్రాసులో మొదలైన ఒక అధ్యయనం ఈ నమ్మకాన్ని పరీక్షకు పెట్టింది. 193 మంది రోగులలో కొందరికి శానిటోరియంలో, కొందరికి ఇరుకైన సొంత ఇళ్లలోనే, ఒకే మందులు ఇచ్చి చూశారు. 1959లో వెలువడిన ఫలితాల ప్రకారం ఇంటివద్ద చికిత్స పొందినవారూ దాదాపు అంతే బాగా కోలుకున్నారు. ప్రపంచ క్షయ చికిత్సను మలుపు తిప్పిన అధ్యయనమిది.

దీని నుంచి మన విషయానికి అందే పాఠం ఒకటుంది. కదలకుండా పడుకోవడం దానంతట అది మందు కాదు. వయసు పైబడినవారిలో అది కండరాలను కరిగిస్తుంది, కీళ్లను బిగిస్తుంది, మనసును కుంగదీస్తుంది. కాబట్టి నడవలేనివారి విహారం అంటే గది మార్చి పడుకోవడం కాకూడదు. శరీరానికి శ్రమ తక్కువగా, కంటికీ చెవికీ మనసుకూ పని ఎక్కువగా ఉండాలి.

భారం దారిమీదికి మారిన రోజు

1944 ఏప్రిల్‌లో తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు ప్రారంభమైంది. నా దృష్టిలో నడవలేని తెలుగువారి చరిత్రలో అది పెద్ద మలుపు. అంతవరకు నలుగురి భుజాలు చేసిన పనిని రోడ్డు చేయసాగింది. డోలీ ఖర్చు భరించలేనివారికి సైతం కొండ అందుబాటులోకి వచ్చింది. శ్రీశైలంలో పాతాళగంగకు దిగడానికి రోప్‌వే, విశాఖలో కైలాసగిరికి రోప్‌వే అదే దారిలో వచ్చినవి.

రైలు విషయమూ అంతే. కొత్తవలస–కిరండూల్ మార్గం ఇనుప ఖనిజం కోసం వేసినది. 2017 ఏప్రిల్‌లో విశాఖ–అరకు రైలుకు అద్దాల పైకప్పు ఉన్న విస్టాడోమ్ బోగీ జతచేశారు. సొరంగాలు, లోయలు, వాగులు కూర్చున్న సీటు నుంచే చూడవచ్చు. మోకాలినొప్పి ఉన్నవారు బొర్రా గుహల మెట్లు దిగకపోయినా, ఆ కొన్ని గంటల ప్రయాణమే సంపూర్ణమైన విహారం.

ఇంత దూరం వెళ్లలేనివారికి మన పేటలోనే దారి ఉంది. 2020 ఫిబ్రవరి 7న ప్రారంభమైన జేబీఎస్–ఎంజీబీఎస్ మెట్రో మార్గంలో ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ స్టేషన్లున్నాయి. అడిక్‌మెట్ నుంచి ఆటోలో కొద్ది దూరం. స్టేషన్లలో లిఫ్టులున్నాయి, రైలులో చక్రాల కుర్చీకి చోటుంది. ఎంజీబీఎస్‌లో దిగి మళ్లీ ఆటో ఎక్కితే సాలార్‌జంగ్ మ్యూజియం. 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో ప్రారంభమై, 1968లో నేటి భవనానికి మారిన ఈ మ్యూజియంలో అందరికీ ఇష్టమైన గడియారం కూర్చుని చూడవలసినదే. గంట గంటకూ చిన్న బొమ్మ బయటికి వచ్చి గంట కొడుతుంది. జనమంతా కుర్చీల్లో కూర్చుని ఎదురుచూస్తారు. అక్కడ చక్రాల కుర్చీలో ఉన్నవారికీ ఇతరులకూ తేడా ఉండదు. శుక్రవారం సెలవని మాత్రం గుర్తుంచుకోండి.

అశోక్‌నగర్ పక్కనే ఇందిరా పార్కు ఉదయపు ఎండకు, చెట్ల నీడకు మంచి చోటు. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ఒక సాయంత్రం కచేరీ వినడానికి కాళ్లతో పనిలేదు. ఆటల పార్కుల్లో వరుసల్లో నిలబడే శ్రమ వీటిలో దేనికీ లేదు.

మిగిలిన నాలుగు మెట్లు

కొండకు రోడ్డు వచ్చినా, హోటలు గుమ్మంలో నాలుగు మెట్లు అలాగే ఉన్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వైకల్యం ఉన్నవారు 2.68 కోట్లు, అందులో కదలికలకు సంబంధించినవారు సుమారు 54 లక్షలు. మోకాళ్లు అరిగిన వృద్ధులు చాలామంది తమను ఈ లెక్కలో చేర్చుకోరు కనుక అసలు అవసరం ఇంకా పెద్దది. 1995లో ఒక చట్టం, 2016లో మరింత విస్తృతమైన చట్టం వచ్చాయి. 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, అందుబాటు ప్రమాణాలు సలహాలుగా మిగలరాదని, తప్పనిసరి నియమాలు రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదికను సిద్ధం చేసినది మన హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రం.

కట్టడంతో పని అయిపోదు. చెన్నై మెరీనాలో 2022 నవంబరులో చక్రాల కుర్చీలు అలల దగ్గరికి వెళ్లేలా చెక్కబాట తెరిచారు. కొన్ని రోజులకే వచ్చిన తుపానులో అది దెబ్బతింటే మళ్లీ బాగుచేయవలసివచ్చింది. దారికి కూడా సంరక్షణ కావాలి.

బయలుదేరే ముందు

బస చేసే చోటికి ఫోను చేసి "సౌకర్యంగా ఉంటుందా" అని అడగవద్దు, ఉంటుందనే చెబుతారు. గుమ్మానికి ఎన్ని మెట్లు, లిఫ్టు ఉన్నదా, స్నానాలగది తలుపు ఎన్ని అంగుళాలు, కమోడ్ పక్కన పట్టుకోవడానికి కడ్డీ ఉన్నదా అని అడగండి. వీలైతే ఫొటో పంపమనండి. ర్యాంపు ఉంటే ఒక అడుగు ఎత్తుకు కనీసం 12 అడుగుల పొడవు ఉండాలి. అంతకంటె నిటారుగా ఉన్నది ప్రమాదకరం. కొత్తచోట రాత్రివేళ స్నానాలగదిలో పడిపోవడం సాధారణం కనుక చిన్న దీపం వెలిగించి ఉంచండి.

నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చునే ప్రయాణాల్లో కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. గంటకొకసారి పాదాలను పైకీ కిందికీ ఆడించండి, నీళ్లు తాగండి. మూత్రానికి వెళ్లాలన్న భయంతో నీళ్లు మానేయవద్దు. ఎప్పుడూ చక్రాల కుర్చీలో ఉండేవారు అరగంటకొకసారైనా బరువును ఒక పక్కనుంచి మరొక పక్కకు మార్చుకోవాలి. లేకుంటే పుండ్లు పడతాయి. గుండె జబ్బు, ఇటీవలి శస్త్రచికిత్స ఉన్నవారు మీ వైద్యుని సలహా తీసుకున్నాకే టికెట్టు కొనండి.

ఇక పిల్లలకు ఒక మాట. పెద్దవారు "నేను రాలేను" అన్నప్పుడు ఆ మాటను అక్కడితో వదిలిపెట్టకండి. "ఎన్ని మెట్లుంటే రాగలరు?" అని అడగండి. మొదటిసారి నారాయణగూడ నుంచి ఎంజీబీఎస్ దాకా ఒక అరపూట మెట్రో ప్రయాణం చాలు. అది సాఫీగా జరిగితే అరకు మాట వారే ఎత్తుతారు.